ఏరేటర్ మోటారు చుట్టే చేత్తో బేస్ గిటార్ పికప్: ఒక రాగి తీగ చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎందుకంటే నేను ఇప్పుడు వాయించబోయేది ఫోన్ స్పీకర్‌లో మీకు సరిగ్గా వినపడదు.

(బేస్ గిటార్ లావు స్ట్రింగ్ ఒకసారి మీటుతూ)

ఇది సెకనుకి సుమారు 41 సార్లు ఊగే స్ట్రింగ్. మన ఫోన్‌లో ఉండేది వేలిగోరంత స్పీకర్, అంత కింది శబ్దం దానివల్ల కాదు. కానీ రెండు నెలల కిందట ఈ గిటార్‌ని ఎంత పెద్ద స్పీకర్‌కి తగిలించినా ఇదే పరిస్థితి. దోమ మూలిగినట్టు సన్నగా ఏదో వినపడేది, అంతే. దీన్ని బాగు చేయించడానికి ఏలూరులో తిరిగిన తిరుగుడే ఈరోజు మన కథ. అలాగని ఇది రిపేర్ వీడియో కాదు, మనది హిస్టరీ ఛానెలే. ఆ తిరుగుడులో నాకు 1831 తగిలింది, 1931 తగిలింది, పాలకొల్లు తగిలింది, చివరికి కొల్లేరు తగిలింది. వరసగా చెప్తా.

అటక మీది గిటార్

ఈ గిటార్ మా మావయ్యది. వాళ్ళది తాడేపల్లిగూడెం. 1990ల్లో పెళ్ళిళ్ళకి, జాతరలకి, క్రిస్మస్ ప్రోగ్రాములకి వాయించే ఒక ఆర్కెస్ట్రాలో ఆయన బేస్ గిటారిస్టు. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రా అంటే ఇళయరాజా పాటలు ఉండాల్సిందే. ‘గీతాంజలి’ 1989లో వచ్చింది, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990లో వచ్చింది. ఆ పాటల్లోంచి బేస్ తీసేసి ఊహించుకోండి, ఇంటికి దూలం తీసేసినట్టు ఉంటుంది. కానీ జనం చూసేది ముందు నిలబడ్డ సింగర్‌ని. మావయ్య వెనకాల డ్రమ్స్ పక్కన నిలబడేవాడు. ఆయన వాయించిన ఏ ప్రోగ్రాం ఫోటోలోనూ ఆయన మొహం పూర్తిగా పడలేదు.

తర్వాత కీబోర్డు ప్లేయరే ఎడమ చేత్తో బేస్ కూడా లాగించేయడం మొదలైంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు వచ్చాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆర్కెస్ట్రాలో ముందు తీసేసే మనిషి బేస్ గిటారిస్టే. మావయ్య ఒక షాపులో లెక్కలు రాసే పనికి చేరాడు. గిటార్ అటకెక్కింది.

ఈమధ్య వాళ్ళు ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళాను. గిటార్ దింపాను. వైరు తగిలిస్తే శబ్దం లేదు. "పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్ అల్లుడూ, అది పోయి చాలా ఏళ్ళయింది" అన్నాడు మావయ్య, మొహం అటు తిప్పుకుని. ఆయన షష్టిపూర్తికి అప్పటికి రెండు నెలలుంది. నేనేం మాట్లాడకుండా గిటార్ తీసుకుని బస్సెక్కి ఏలూరు వచ్చేశాను.

"ఇది మా పని కాదండి"

ముందు ఒక మ్యూజిక్ షాపుకి వెళ్ళాను. చూసి, "పికప్ పోయిందండి. కొత్తది ఆర్డర్ పెట్టుకోండి, పాతది ఎవరూ బాగు చేయరు, అదంతా ఎలక్ట్రికల్ పని" అన్నారు. సరే అని ఒక టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. "ఇది మ్యూజిక్ వాళ్ళ పని కదండీ" అన్నాడు. ఇద్దరిదీ తప్పు లేదు. ఆ వస్తువే అలాంటిది, సగం వాద్యం, సగం కరెంటు సామాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్‌లో ఇంకా రెండుసార్లు వస్తుంది.

కొత్త పికప్ వేయించడం తప్పు కాదు, అది కూడా చెప్పాలి. పాట వస్తుంది. కానీ మావయ్య చెవికి పదేళ్ళు అలవాటైన శబ్దం అది. వేరేది వేస్తే అది ఇంకో గిటార్. పైగా నేను బీటెక్ చదివాను, అయిదేళ్ళు కోడ్ రాశాను. బగ్ ఎక్కడుందో చూడకుండా మొత్తం తీసి అవతల పడేయడం నాకు నచ్చని పని.

అసలు పికప్ అంటే ఏంటి? అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉన్న స్టీలు స్ట్రింగ్ ఊగితే అయస్కాంత క్షేత్రం కూడా దాంతోపాటు కదులుతుంది. ఆ కదలికకి చుట్టలో మిల్లీవోల్టుల్లో కరెంటు పుడుతుంది. యాంప్లిఫైయర్ దాన్ని పెద్దది చేస్తుంది. ఇదంతా మైకేల్ ఫారడే 1831లో లండన్‌లో కనిపెట్టిన సూత్రం. మనం ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం చదివి వదిలేసిందే.

మావయ్య గిటార్‌లో పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క రెండు లావు స్ట్రింగుల కింద, ఇంకోటి రెండు సన్న స్ట్రింగుల కింద. రెండూ సిరీస్‌లో కలిపి ఉంటాయి. మల్టీమీటర్ పెట్టాను. మొత్తానికి పెడితే రీడింగే లేదు. విడివిడిగా పెడితే సన్న స్ట్రింగుల కాయిల్ 5.2 కిలో ఓమ్‌లు చూపించింది, లావు స్ట్రింగుల కాయిల్ ఏమీ చూపించలేదు. అంటే ఒక కాయిల్ తెగింది. సిరీస్ కదా, దీపావళి సీరియల్ లైట్లలాగా ఒకటి పోతే అంతా పోయినట్టే.

కవర్ విప్పితే కారణం కనపడింది. అయస్కాంతాల మీదే నేరుగా తీగ చుట్టారు. మన గాలిలో చెమ్మ, చేతుల చెమట, ఇన్నేళ్ళూ అటక మీద ఉండటం, అన్నీ కలిసి లోపలి కొసకి పచ్చగా చిలుం పట్టింది. పైకొస తెగితే నాలుగు చుట్లు విప్పి అతికించుకోవచ్చు. లోపలి కొస తెగితే మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాల్సిందే.

వంటపెనం గిటార్, రేడియో మెకానిక్

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ పికప్‌ని మొదట ఎవరు చుట్టారు?

జార్జ్ బీచమ్ అని లాస్ ఏంజెలెస్‌లో హవాయియన్ గిటార్ వాయించే ఆయన. సమస్య సింపుల్: బ్యాండ్‌లో బాకాలు, డ్రమ్స్ మోగుతుంటే గిటార్ ఎవరికీ వినపడదు. గ్రామఫోన్ పికప్ ఒకటి తీసుకుని, ఒక చెక్కదిమ్మ మీద ఒకే స్ట్రింగ్ బిగించి ప్రయోగాలు మొదలుపెట్టాడు. కాయిల్ చుట్టడానికి వాషింగ్ మెషిన్ మోటారు వాడాడని ఒక మాట, కుట్టుమిషన్ మోటారు అని ఇంకో మాట. ఏదైనా ఇంట్లో సామానే. 1931లో చెక్కతో మొదటి నమూనా తయారైంది. తర్వాత అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి అల్యూమినియంతో పోతపోసి అమ్మారు. చూడ్డానికి కాడ ఉన్న పెనంలా ఉండేది కాబట్టి దానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అనే పేరు పడింది.

పేటెంట్ కోసం పెట్టుకుంటే ఆఫీసు వాళ్ళకి ఒక అనుమానం. ఇది సంగీత వాద్యమా, ఎలక్ట్రికల్ పరికరమా? నా మ్యూజిక్ షాపు, టీవీ మెకానిక్ గుర్తొచ్చారా? ఆ సందేహాలన్నీ తీరి పేటెంట్ చేతికొచ్చేసరికి 1937 ఆగస్టు 10. అప్పటికే మిగతా కంపెనీలు కూడా ఎలక్ట్రిక్ గిటార్లు చేసి అమ్మేస్తున్నాయి.

మరి బేస్? అప్పటిదాకా బేస్ అంటే మనిషంత ఎత్తున్న పెద్ద వాద్యం, నిలబెట్టి వాయించాలి, బస్సులో పట్టదు. 1930ల మధ్యలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన అడ్డంగా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు కానీ అది జనంలోకి వెళ్ళలేదు. జనంలోకి తీసుకెళ్ళింది లియో ఫెండర్. ఈయన కథ నాకు చాలా ఇష్టం. చదివింది అకౌంటింగ్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు పెట్టాడు. గిటార్ వాయించడం రాదు! 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో బేస్ గిటార్ చరిత్ర మారిపోయింది. మెడ మీద మెట్లు ఉంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ఆ పేరు. 1957లో దానికి రెండు ముక్కల పికప్ పెట్టాడు. మావయ్య గిటార్‌లో ఉన్నది దాని నకలే.

లెక్కలు చదివినాయన రేడియోలు బాగుచేసుకుంటూ బేస్ గిటార్ దాకా వెళ్ళాడు. బేస్ వాయించిన మా మావయ్య లెక్కలు రాసుకుంటూ మిగిలిపోయాడు. చరిత్ర అందరికీ ఒకే దిశలో నడవదు.

పాలకొల్లు కుర్రాడు

ఇదంతా అమెరికా కథేగా అంటారేమో. మన పాలకొల్లుకి రండి.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు, మాండొలిన్ శ్రీనివాస్. నాన్నగారు సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదే వాయించేవాడు. 1978లో తొమ్మిదేళ్ళ వయసులో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. గుడివాడ అంటే కొల్లేటికి ఆ పక్కనే.

మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల స్ట్రింగులు. మీటితే టింగుమని వెంటనే ఆగిపోతుంది. మన కర్ణాటక సంగీతానికి గమకం కావాలి, అంటే ఒక స్వరాన్ని పట్టుకుని ఊపాలి, సాగదీయాలి. శబ్దమే ఆగిపోతే దేన్ని ఊపుతాం? శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. జతలు తీసేసి అయిదు ఒంటి స్ట్రింగులు. కింద పికప్, పక్కన యాంప్లిఫైయర్. స్వరం నిలబడింది, గమకం పలికింది.

అప్పుడు సంప్రదాయం తెలిసినవాళ్ళలో కొందరు అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? ఇది కర్ణాటక సంగీత వాద్యమేనా? చూశారా, పేటెంట్ ఆఫీసు ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఆ ప్రశ్నకి ఆయన వాయించే జవాబు చెప్పారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు, 1998లో పద్మశ్రీ వచ్చింది, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగారు. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే చెన్నైలో పోయారు. ఆయన చేతి కింద ఉన్నది కూడా ఇదే ఫ్రెండ్స్, అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ.

మెట్టకీ డెల్టాకీ మధ్య ఒక షాపు

సరే, మన రిపేర్‌కి వద్దాం. మ్యూజిక్ వాళ్ళు కాదు, టీవీ వాళ్ళు కాదు. అప్పుడు తట్టింది. తీగ చుట్టడమే కదా పని, మరి తీగ చుట్టేవాళ్ళు ఎవరు? మోటార్ వైండింగ్ వాళ్ళు!

ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళలో వైండింగ్ షాపులు ఎందుకు అంత బిజీగా ఉంటాయో ఒకసారి మ్యాప్ చూస్తే అర్థమవుతుంది. ఉత్తరాన మెట్ట. పెదవేగి, చింతలపూడి వైపు పామాయిల్ తోటలు, బోర్లు. బోరు అంటే సబ్‌మెర్సిబుల్ మోటారు. దక్షిణాన డెల్టా, కొల్లేటి పల్లం, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చెరువు అంటే నీళ్ళు తోడే ఇంజన్లు, ఏరేటర్లు. పైనుంచి కాలిన మోటార్లు, కిందనుంచి కాలిన మోటార్లు, మధ్యలో ఈ ఊళ్ళు.

కొల్లేరు గురించి క్లుప్తంగా చెప్తా. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిన పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు మీదుగా నీళ్ళు సముద్రానికి పోతాయి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. చెరువులు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అనేది వేరే ఎపిసోడ్ పట్టే గొడవ. ఈరోజుకి మనకి కావలసింది ఒకటే, ఈ చుట్టుపక్కల చెరువులు ఉన్నంతకాలం మోటార్లు కాలుతూనే ఉంటాయి.

నేను వెళ్ళిన షాపు మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. పికప్ అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు పైకెత్తి చూశారు. "ఇదేంటండీ బాబూ, అగ్గిపెట్టె అంత లేదు. ఏం తిప్పుద్ది ఇది?"

"ఇది తిప్పదండి. కరెంటు ఇస్తే తిరిగేది మోటారు కదా. ఇది రివర్స్. పైన కదిలితే కరెంటు ఇస్తుంది."

ఆయన ఒక్క క్షణం ఆగి, "జనరేటర్ అన్నమాట" అన్నారు. అంతే! నేను పది నిమిషాలు చెప్పాలని రెడీ చేసుకున్నదంతా ఆయనకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

880 మీటర్లు

తీగ దగ్గర మొదటి చిక్కు. ఈ పికప్ తీగ 46 గేజ్, మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, వెంట్రుకంత. మోటార్లకి వాడేది దీని పక్కన తాడులా ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ తీగ కూడా దీనికంటే లావే. మేస్త్రి విజయవాడలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి చిన్న రీలు బస్సు పార్సిల్‌లో తెప్పించారు.

ఎన్ని చుట్లు? పాతది లెక్కపెట్టే ఛాన్సే లేదు, ముట్టుకుంటే పొడి అవుతోంది. అప్పుడు నా బీటెక్ ఉపయోగపడింది. బాగున్న కాయిల్ 5,200 ఓమ్‌లు. ఈ తీగ మీటరుకి సుమారు 5.9 ఓమ్‌లు. భాగిస్తే దాదాపు 880 మీటర్లు. ఒక చుట్టు సగటున 10 సెంటీమీటర్లు. అంటే 8,800 చుట్లు. పెట్టె మూతంత జాగాలో కిలోమీటరుకి కాస్త తక్కువ తీగ!

చేత్తో తిప్పే వైండింగ్ మెషిన్, పక్కన అంకెలు తిరిగే కౌంటర్. మొదటిసారి 3,100 దగ్గర పుటుక్కున తెగింది. మేస్త్రి ఏమీ అనలేదు. బ్లేడుతో మొత్తం కోసి తీసేసి, టీ తాగి, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తీగని వేళ్ళ మధ్య పట్టుకోలేదు, చిన్న ఊలు గుడ్డ ముక్కలోంచి జారనిచ్చారు.

5,000 దాటాక గుమ్మం ముందు ఆటో ఆగింది. లంక గ్రామం నుంచి ఒకాయన ఏరేటర్ మోటారు తెచ్చాడు, కాలిన వాసన వీధంతా కొడుతోంది. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది. తెల్లవారుజాముకి మరీ తక్కువ. ఏరేటర్ తిరగకపోతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, తెల్లారేసరికి తేలిపోతాయి. మేస్త్రి నా కాయిల్ కదలకుండా ఒక డబ్బా బోర్లించి, "రేపు రండి బాబూ" అన్నారు. నాకు ఒక్క క్షణం చిరాకేసిన మాట నిజం. కానీ ఆ వచ్చినాయన మొహం చూశాక నోరెత్తలేదు. ఆయన చెరువులో బొచ్చెలు, శీలావతులు ఆ రాత్రికి ఊపిరి ఆడితేనే ఆ ఏడాది ఇల్లు గడుస్తుంది. నా పాట రేపటిదాకా ఆగగలదు.

మర్నాడు 8,800 పూర్తయింది. మీటర్ పెడితే 5.0 కిలో ఓమ్‌లు. మోటారుకైతే వార్నిష్ పోసి గట్టిపరుస్తారు. దీనికి ఆయన వద్దన్నారు. "వార్నిష్ పోస్తే మళ్ళీ ఎవరూ విప్పలేరండి. మైనం పెడదాం. తర్వాత చేసేవాడికి కూడా దారి ఉండాలిగా." వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించి, అందులో ముంచి తీశారు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. కాలేజీలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినప్పుడు, మన తర్వాత చేసేవాడి గురించి ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

రొద

ఇంటికొచ్చి బిగించాను. శబ్దం వచ్చింది! నాలుగు స్ట్రింగులూ పలికాయి. కానీ వెనకాల ఒకటే రొద, గుంయ్‌మని. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో లావు స్ట్రింగ్ 41, తర్వాతది 55. అంటే రొద సరిగ్గా ఆ రెండిటి మధ్యలో కూర్చుంది, పాటలో వేరే ఎవరో తప్పు స్వరం వాయిస్తున్నట్టు.

రెండు ముక్కల పికప్ అసలు గొప్పతనమే ఆ రొదని చంపడం. రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటే, కరెంటు లైన్ల నుంచి వచ్చే రొద ఒకదాంట్లో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్ అయి కొట్టుకుపోతుంది. అయస్కాంతాలు కూడా తిరగేసి ఉంటాయి కాబట్టి స్ట్రింగుల శబ్దానికి నష్టం లేదు. మేం దిశ చూసుకోకుండా రెండోదాన్ని కూడా అదే దిశలో చుట్టేశాం. రెండు రొదలూ కలిసిపోయాయి. మళ్ళీ 8,800 చుట్లా?

భయపడుతూనే ఫోన్ చేశాను. మేస్త్రి నవ్వారు. "త్రీఫేజ్ మోటారు తిరగబడి తిరిగితే ఏం చేత్తామండి? మళ్ళీ చుడతామా? రెండు వైర్లు మార్చి కలుపుతాం. మీ దాంట్లోనూ కొసలు మార్చి చూడండి."

కొసలు మార్చి సోల్డర్ చేశాను. రొద పోయింది. రెండు నిమిషాల పని.

రేడియో మెకానిక్ లియో ఫెండర్ పెట్టిన పజిల్‌ని, గిటార్ ఎప్పుడూ ముట్టుకోని ఏలూరు మేస్త్రి ఫోన్‌లో విప్పేశారు. నాకైతే ఇందులో పెద్ద ఆశ్చర్యం లేదనిపించింది. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రంతా రిపేర్ బల్లల మీద నడిచిందే కదా.

షష్టిపూర్తి రోజు

భోజనాలయ్యాక గిటార్ తెచ్చి మావయ్య చేతిలో పెట్టాను. ముందు వద్దన్నాడు. తర్వాత పంచె సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు వంగడం లేదు. మొదటి పాటలో రెండుసార్లు తప్పాడు, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి వీడియో తీసింది నేను, మొహం పూర్తిగా పడేలా.

పాట అయ్యాక స్ట్రింగుల మీద అరచెయ్యి పెట్టి శబ్దం ఆపి అడిగాడు: "అల్లుడూ, ఈ పైరెండూ కొంచెం మెత్తగా పలుకుతున్నాయేంట్రా?"

5.2కి బదులు 5.0. అంత చిన్న తేడా. ఏ కాయిల్ మార్చామో ఆయనకి నేను చెప్పలేదు.

సో ఫ్రెండ్స్, మీ ఇంట్లో అటక మీద మోగడం మానేసిన వస్తువు ఏదైనా ఉంటే, పాత సామాన్ల వాడికి వేసే ముందు మీ వీధిలో వైండింగ్ షాపు వరకూ ఒకసారి వెళ్ళి రండి. చేపల సీజన్ అయితే కొంచెం ఓపిక పట్టండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.